పక్కన నిలబడి చూసేవాళ్ల కోసం

ఈ పూటతో డాక్టర్లుగా బయటికి వెళ్తున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

నేను మత్తు డాక్టర్ని. నా ఉద్యోగమంతా ఆపరేషన్ టేబుల్ తల వైపే గడిచింది కాబట్టి అక్కడి నుంచే మాట్లాడతాను. రోగి చేత మనం పీల్పించే మత్తు వాయువుల్లో శరీరంలో ఖర్చయ్యేది బహు స్వల్పం. మిగతాదంతా ఊపిరితో వెనక్కి వచ్చేస్తుంది. స్కావెంజింగ్ గొట్టం దాన్ని థియేటర్ దాటించి బయటి గాలిలో కలుపుతుంది. నైట్రస్ ఆక్సైడ్ అలా వెళ్లి వందేళ్లకు పైగా వాతావరణంలోనే ఉంటుంది. డెస్‌ఫ్లూరేన్ అయితే, వందేళ్ల కాలానికి లెక్క కడితే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. స్కాట్లాండ్ ప్రభుత్వ ఆసుపత్రులు 2023లో దాన్ని పక్కన పెట్టాయి. వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప 2026 జనవరి నుంచి వాడకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది.

మన చేతిలో ఉన్నది చాలా చిన్న పని. మిషన్‌కు సోడా లైమ్ డబ్బా ఎందుకు ఉంటుందో మీకు తెలుసు. రోగి వదిలిన గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను అది పట్టేస్తే, మిగిలిన మత్తు మళ్లీ రోగికే అందుతుంది. ఇండక్షన్‌లో గ్యాస్ ఫ్లో ఎక్కువ పెడతాం, పెట్టాలి కూడా. రోగి కుదుటపడ్డాక నాబ్ తిప్పి నిమిషానికి లీటరుకు, ఇంకా కిందికి దించి, మానిటర్ మీద ఆక్సిజన్ అంకె, ఏజెంట్ అంకె కనిపెట్టుకుంటూ ఆపరేషన్ అంతా నడపవచ్చు. దించడం మరిస్తే గంటల తరబడి ఖరీదైన మందు గొట్టంలోంచి బయటికి పోతూనే ఉంటుంది. తక్కువ ఫ్లో గురించి ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. అయినా దించే అలవాటు పుస్తకంతో రాదు, పక్కనున్న సీనియర్ చేయి చూస్తే వస్తుంది. సీనియర్ దించకపోతే జూనియర్ జీవితాంతం దించడు. రేపటి నుంచి ఆ సీనియర్ మీరే. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ప్రపంచం మొత్తం ఉద్గారాల్లో వైద్యరంగం వాటా 4.4 శాతమని 2019లో ఒక నివేదిక అంచనా వేసింది. వైద్యరంగాన్నే ఒక దేశం అనుకుంటే అది ఐదో స్థానంలో ఉంటుందని అదే నివేదిక చెప్పింది. ఇందులో అమెరికా ఒక్కదానిదే నాలుగో వంతుకు పైగా ఉంది. కాబట్టి కరెంటు పోతే టీకాల ఫ్రిజ్ ఏమవుతుందోనని బెంగపడే మన పీహెచ్‌సీ డాక్టరుకు పొదుపు పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు. అక్కడికి కరెంటు, పరికరాలు, మందులు ఇంకా ఎక్కువే చేరాలి. కానీ ఈ ఉద్గారాలతో పెరిగే వేడి భారం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో కూడా మనమే చూస్తున్నాం. 2015 మే నెల వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పని మానుకునే వీలు లేనివాళ్లు.

అందుకే అనవసరమైన చోట మాత్రం గట్టిగా ఉండమంటున్నాను. మన ఊళ్లలో నీరసమంటే చాలు, “ఒక సెలైన్ ఎక్కించండి డాక్టర్ గారూ” అంటారు. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతా అంతా నీళ్లు. నోటితో తాగగలిగిన మనిషికి ఆ ఉప్పునీళ్లు ఎక్కించడానికి ఒక ప్లాస్టిక్ సీసా, ఒక ఐవీ సెట్, ఒక క్యాన్యులా, దూది, ప్లాస్టర్, గ్లవ్స్, ఓ మంచం, గంటన్నర నర్సు సమయం ఖర్చవుతాయి. పైగా కూలి డబ్బుల్లోంచి రోగి బిల్లు కట్టాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఎందుకు చాలో రెండు నిమిషాలు కూర్చుని చెప్పడం సెలైన్ పెట్టించడం కంటే కష్టం. ఆ కష్టం పడండి. మీరు చెప్పే తీరును మీ వెనక నిలుచున్న ఇంటర్న్ వింటుంది. మింగగలిగిన రోగికి పారాసెటమాల్ మాత్ర సరిపోతుందా, సీసా ఎక్కించాలా అన్నదీ అంతే. ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఒకరికి వాడిన సూది, సిరంజి మరొకరికి వాడే ప్రసక్తే లేదు. రోగి భద్రత దగ్గర బేరాలు లేవు.

ఆ భద్రతకు లోటు రాకుండా వృథా ఎంత తగ్గించవచ్చో చూడాలంటే విదేశాలకు వెళ్లనక్కర్లేదు. మధురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ ఒక ఫేకో శుక్లాల ఆపరేషన్‌కు సుమారు ఆరు కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడుతున్నాయని 2017లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. బ్రిటన్‌లో అదే ఆపరేషన్‌కు వెలువడేదానిలో ఇది ఇరవయ్యో వంతు. ఇందులో కనికట్టు ఏమీ లేదు. థియేటర్‌లో పక్కపక్కనే రెండు టేబుళ్లు ఉంటాయి. ఒక రోగికి ఆపరేషన్ జరుగుతుండగానే రెండో రోగిని సిద్ధం చేస్తారు. సర్జన్ మైక్రోస్కోప్‌ను ఇటు నుంచి అటు తిప్పుకుంటారు. ఉక్కు పరికరాలను స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడతారు, చుక్కల మందు సీసాను ఒక్క రోగితో పారేయరు. ఇన్‌ఫెక్షన్లు పాశ్చాత్య ఆసుపత్రుల కంటే ఎక్కువ లేవు. పేదల కోసం ఖర్చు తగ్గించబోతే, గాలికీ మేలు జరిగింది.

చెత్త సంగతి మీరు పరీక్షల్లో రాసే వచ్చారు. 2016 నిబంధనలు, పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. ఎర్ర సంచిలో పడ్డ గొట్టాలు, గ్లవ్స్ శుద్ధి అయ్యాక మళ్లీ ముడిసరుకు అవుతాయి. అవే పసుపు సంచిలో పడితే కొలిమిలో కాలతాయి. పీవీసీ కాలితే డయాక్సిన్లు పుడతాయి. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గ్లవ్స్ తీసి అందిన బుట్టలో పడేస్తే, ఆ రోజు ఆ వార్డులో అదే నిబంధన.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు మీకు తెలియనిది కాదు. మందుల పరిశ్రమల వ్యర్థజలాలు చేరే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన తర్వాతి నీళ్లవి! జలుబుకు యాంటీబయాటిక్ రాయబోయే ముందు, ఆ మాత్ర ఏ వాగు పక్కన తయారైందో ఒక్క క్షణం ఆలోచించండి. ఆ వాగు ఒడ్డున పెరిగిన మొండి బ్యాక్టీరియా ఏదో ఒకనాడు మీ ఐసీయూకే వస్తుంది.

ఇదంతా సిలబస్‌లో చేరేదాకా ఆగనక్కర్లేదు. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థులే తమ కాలేజీకి మార్కులు వేయడం మొదలుపెట్టారు. పర్యావరణం గురించి ఏం బోధిస్తోంది, తాను ఏం పాటిస్తోంది అన్నవే ప్రశ్నలు. దానికి ప్లానెటరీ హెల్త్ రిపోర్ట్ కార్డ్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎన్నో దేశాల విద్యార్థులు దాన్ని నింపుతున్నారు. మీలో పీజీకి ఇక్కడే ఉండబోయేవాళ్లు ఈ ఏడాది మన కాలేజీకీ ఒకటి తయారు చేయండి. నైట్రస్ సిలిండర్ల కొనుగోలు రిజిస్టర్, కరెంటు బిల్లులు, సంచుల తూకం పుస్తకం, ఫార్మసీలో సెలైన్ ఇండెంట్లు అడిగి తీసుకోండి. కింది బ్యాచ్ పిల్లల్ని వెంటబెట్టుకుని లెక్క తీయండి. వాళ్లను అనుమతి కాగితం కోసం నెలల తరబడి తిప్పవద్దని ప్రిన్సిపల్ గారిని, సూపరింటెండెంట్ గారిని ఈ వేదిక మీది నుంచే వేడుకుంటున్నాను. మా అనస్థీషియా విభాగం రిజిస్టర్లు సోమవారం పొద్దున నుంచే తెరిచి ఉంటాయి.