వరద లెక్కలో కాలఖండము

గోదావరికి వరద వచ్చినదనగానే రావులపాలెమువారు గౌతమి వంతెన చెంతకు పోయి నీటిమట్టము చూతురు. ఇండ్లలో రేడియో పెట్టి ధవళేశ్వరపు లెక్కలు విందురు. ఆ లెక్కలను బొమ్మగా గీయుటలో ఒక మెలకువ కలదు. దానిని నేడు విచారింతము.

కొలతలను తరగతులుగా విభజించి, తరగతికొక నిలువుపట్టీ గీచిన సోపానచిత్రమగును. కాలమును విభజించునపుడు తరగతి వెడల్పు ఎంత యుండవలెను? గంటయా, దినమా, మాసమా? కాగితమున పట్టినంత చాలునని పలువురు తలంతురు. దానివలన ఎంత ముప్పు కలదో చూతము.

ధవళేశ్వరమున 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. ఆగస్టులో 25 దినములు 3 లక్షల చొప్పున, వరుసగా 6 దినములు 20 లక్షల చొప్పున నీరు పారినదని ఊహింతము. మాసమునకు ఒకే పట్టీ గీచితిమా, సగటు 6.3 లక్షలు, మొదటి హెచ్చరికయైనను కానరాదు. పది దినములకొక పట్టీ గీచి, వరద దినములారును ఒకదానిలోనే పడిన 13.2 లక్షలు, రెండవ హెచ్చరిక మాత్రము దాటును. అవియే మూడేసి దినములుగా రెండు పట్టీలలోనికి చీలిన, ఒక్కొక్కటి 8.1 లక్షలే. నీరు అదే, వరద అదే. గీత జరిగినంతమాత్రమున ప్రమాదము మాయమైనది! దినమునకొక పట్టీ గీచిననే 20 లక్షలును కనబడును. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటిన మహావరదయు మాసపు సగటులో ఇట్లే కుదించుకొనిపోవును.

అట్లని ఖండమును మితిమీరి సన్నము చేయరాదు. గంటకొక కొలత తీయుచోట పావుగంట ఖండములు పెట్టిన, నాలుగింట మూడు గడులు శూన్యములు.

ఖండము మొదలగు వేళయు ముఖ్యమే. మన వాతావరణశాఖవారు వాన లెక్కకు దినమును ఉదయము 8.30 గంటలతో ముగింతురు. కావున రాత్రి కురిసిన వాన అర్ధరాత్రివద్ద రెండుగా చీలదు. మాసముల నిడివియు సమానము కాదు. జనవరికంటె ఫిబ్రవరి ఇంచుమించు పదవవంతు తక్కువ. అందుచే మొత్తములను దినముల సంఖ్యచే భాగించి పోల్చవలెను. వారమునకొక సంత జరుగు ఊరి అమ్మకములను పది దినముల చొప్పున గీచిన, ఒక ఖండమున ఒక సంత, మరియొకదానిలో రెండు పడి, లేని హెచ్చుతగ్గులు తోచును. అచ్చట ఏడు దినములో, దాని గుణిజములో తగినవి.

కావున మేము చెప్పునది ఇది. ముందు ప్రశ్న నిర్ణయించుకొనవలెను. ఏటి నీరు ఎన్ని పంటలకు చాలునన్న ప్రశ్నకు మాసపు పట్టీలు చాలును. లంకలలోని పశువులను ఎప్పుడు గట్టుకు చేర్చవలెనన్న ప్రశ్నకు గంటల పట్టీలు కావలెను. సందేహమున్నచో మూడు వెడల్పులలో గీచి చూడవలెను. మూడింటను నిలిచినదానిని నమ్మవచ్చును. ఖండపు నిడివిని, మొదలును బొమ్మ క్రింద వ్రాయుట మరువరాదు. అవి లేని బొమ్మను చూచి లంకవాసులు నిశ్చింతగా నిద్రించుట క్షేమము కాదు.