పుస్తకం జప్తయితే

శ్రీకాకుళం గిరిజన పోరాటం తెలుగు కవిత్వాన్ని ఒక కుదుపు కుదిపింది. 1970లో పుట్టిన విప్లవ రచయితల సంఘం తెచ్చిన ‘ఝంఝ’, ‘మార్చ్’ సంకలనాలను ప్రభుత్వం నిషేధించింది.

ఇప్పుడలా జరిగితే? జప్తు నోటిఫికేషన్‌లోనే కారణాలు రాయాలి. ఇదేదో లాంఛనం అనుకోకండి. పెరియార్ రామాయణ విమర్శకు వచ్చిన హిందీ అనువాదాన్ని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జప్తు చేస్తే, కారణాలు చెప్పలేదన్న ఒక్క లోపంతో ఆ ఉత్తర్వు హైకోర్టులో వీగిపోయింది. 1976లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. సెక్షన్ నంబరు వల్లించినంత మాత్రాన కారణం చెప్పినట్టు కాదు మరి!

జప్తును సవాలు చేయాలంటే, నోటిఫికేషన్ గెజిట్‌లో అచ్చయిన రోజు నుంచి రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లాలి. ఒకప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ స్థానంలో, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 99వ సెక్షన్ వచ్చింది. రచయితే వెళ్లాలని లేదు, ప్రచురణకర్తా వెళ్లొచ్చు. వినేది ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనం. టెక్కలి కోర్టులోనో బొబ్బిలి కోర్టులోనో తేలే పని కాదు, అమరావతి వెళ్లాల్సిందే. దూరమే, ఏం చేస్తాం!

ఇక దుకాణంలో సోదా చేయాలంటే మేజిస్ట్రేటు వారంటు ఉండాలి. వచ్చేవారు ఎస్సైకి తక్కువ హోదా వారు కాకూడదు. వారంటు చూపించమని అడగండి.