మహమ్మారియు మృతుల లెక్కయు
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



 విద్యార్థివసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాటలాడుటకు నాకంటె సమర్థు లీ వేదికపైఁ బెక్కుమంది కలరు. కార్యదర్శిగారు నాకుఁ గరోనా కాలమునఁ బ్రభుత్వము నడచిన తీరును, దానిపైఁ బ్రజలలోఁ జెలరేగిన వాదవివాదములును విషయముగా నొసంగిరి. ఇది రాజకీయము గదా, కులసభలో నేల యని కొందఱు శంకింపవచ్చును. ఆ వ్యాధివలనఁ దండ్రిని గోల్పోయిన బిడ్డలును, భర్తను గోల్పోయిన స్త్రీలును ఈ పందిటిలోనే కూర్చుండియున్నారు. వారి కష్టము చర్చింపఁదగిన సభ యిది కానిచో మఱి యేది?

ఈ వాదమునఁ బక్షములు రెండు. ప్రభుత్వము సర్వవిధముల విఫలమైనదని యొక పక్షము. ఇంత పెద్దదేశమున నింతకంటె నెవ్వరు చేయఁగలరని రెండవ పక్షము. ఈ రెండిటికిని ఆధార మొక్కటే, అది మృతుల సంఖ్య. ఆ సంఖ్య నిశ్చితము కానిచో నిందయు స్తుతియు రెండును నిరాధారములే యగును. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నున్నవాఁడను గాన నా కలవాటైన మాట చెప్పుదును. హాజరుపట్టీ వ్రాయని యుపాధ్యాయుఁడు తన తరగతిని మెచ్చుకొన్నను నమ్మరాదు, దూషించినను నమ్మరాదు.

ముందుగా లాక్‌డౌను సంగతి చూతము. 2020 మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకుఁ బ్రధానమంత్రి దానిని ప్రకటించిరి. ఆ యర్ధరాత్రమునుండియే యది యమలులోనికి వచ్చెను. నూటముప్పదికోట్ల జనమునకు దొరకిన గడువు నాలుగు గంటలు. వ్యాధివేగము నరికట్టి, ఆసుపత్రులను సిద్ధపఱచుకొనుట కది యావశ్యకమని సమర్థించువారు చెప్పిరి. రైళ్లు అంతకుముందే నిలిచిపోయినవి. బస్సులును నిలువఁగా, పట్టణములలోని కూలీలు కూడును నీడయు లేక వందలమైళ్లు కాలినడకను బోవలసి వచ్చెనని విమర్శించువారు చెప్పిరి. రెండు మాటలందును సత్యము కలదు. ప్రభుత్వ మా యేప్రిలునుండి దాదాపు 80 కోట్లమందికి మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ధాన్య ముచితముగా నిచ్చుటకుఁ బూనుకొనెను. అది చిన్నపని కాదు. కాని యా సెప్టెంబరులోఁ బార్లమెంటునందు, మరణించిన వలసకూలీ లెందఱని ప్రశ్నింపఁగా, అట్టి లెక్క తమయొద్ద లేదని కార్మికశాఖ బదులిచ్చెను. ఇచ్చిన ధాన్యమునకు లెక్క కలదు. పోయిన ప్రాణములకు లెక్క లేదు.

2021వ సంవత్సరమున రెండవ విజృంభణము వచ్చెను. మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో నాక్సిజను పీడనము తగ్గిపోయి పదునొకండుగురు మృతిచెందిరని యధికారులే చెప్పిరి. అంతకంటె నెక్కుడుమంది చనిపోయిరని బంధువులు వాదించిరి. జులై 20వ తేదీన రాజ్యసభలోఁ గేంద్రప్రభుత్వము, ఆక్సిజను కొఱతవలన మరణములు సంభవించినట్లు రాష్ట్రము లేవియుఁ బ్రత్యేకించి తెలుపలేదని చెప్పెను. ఆరోగ్యము రాష్ట్రముల విషయము, వారు పంపిన లెక్కనే మేము చెప్పుదుమని కేంద్రమువారి సమాధానము. తరువాత నాగస్టులోఁ గాని తిరుపతి మరణముల వార్త ఆంధ్రప్రదేశమునుండి కేంద్రమునకుఁ జేరలేదు.

ఇచ్చట మన తర్కశాస్త్రము చెప్పు సూక్ష్మ మొకటి కలదు. ఒక వస్తువు కనఁబడకుండుటచేత నది లేదని చెప్పవచ్చునా? చెప్పవచ్చును, కాని యొక నియమము కలదు. అది యున్నచోఁ దప్పక కనఁబడవలసిన స్థితి యుండవలయును. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. వెలుఁగున్న గదిలోఁ గుండ కనఁబడనిచోఁ గుండ లేదనవచ్చును. చీఁకటి గదిలోఁ గనఁబడలేదని కుండ లేదనుట తర్కము కాదు. వ్రాసికొను పద్ధతియే లేనిచోట, వ్రాఁతలో లేదు గనుక మరణమే లేదనుట చీఁకటి గదిలోఁ గుండను వెదకుట వంటిది. ఈ న్యాయము విమర్శకులకును వర్తించును. దీపము లేనిచోఁ గుండలు వేయి యున్నవనుటకును వీలులేదు.

ఆ దీపము కొంచెము కొంచెముగా వెలిఁగినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 మే నెలలోఁ జేసిన యంచనా ప్రకారము 2020, 2021 సంవత్సరములలో మనదేశమున నధికముగా సంభవించిన మరణములు 47 లక్షలు. 2021 చివరకుఁ బ్రభుత్వము చూపిన కరోనా మరణములు సుమారు 4 లక్షల 81 వేలు. దాదాపు పదింతల భేదము! గణితపు నమూనాలు మాకుఁ దగవు, మాకు జననమరణముల నమోదు కలదని ప్రభుత్వ మాక్షేపించెను. ఆ యాక్షేపణము విననర్హమైనదే. కాని 2021 సంవత్సరపు నమోదు నివేదిక 2025 మే వఱకు వెలువడలేదు. వెలువడిన పిమ్మటఁ జూడఁగా 2020లో నమోదైన మరణములు 81 లక్షలు, 2021లో 1 కోటి 2 లక్షలు. ఒక్కయేఁటిలో నిరువదిలక్షలకు మించిన పెరుఁగుదల! ఆ యేఁట కరోనా పేర లెక్కకు వచ్చినవి 3 లక్షల 30 వేలకు దగ్గఱ. జనము పెరిఁగినది, నమోదు మెఱుగుపడినది, వెనుకటి మరణములు కొన్ని యాలస్యముగా వ్రాయఁబడి యుండును. కాన నదనపు మరణము లన్నియుఁ గరోనావే యనరాదు. అయినను ఇంత భేదమును ఆ కారణములు మాత్రమే పూరింపఁజాలవని సామాన్యబుద్ధికే తోఁచును.

గతించినదానిని ద్రవ్వుట యేల యని కొందఱందురు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాకు మనదేశమున బలియైనవారు కోటి యిరువది లక్షలని కొందఱు, రెండు కోట్లకు దగ్గఱయని మఱికొందఱు నేఁటికిని తగవులాడుచున్నారు. నూఱేండ్లయినను నిర్ణయము లేదు. లెక్కలేని దుఃఖమునుండి పాఠము నేర్చుకొనుట యెట్లు? ఏ జిల్లాలో మంచములు చాలలేదో, ఏ యూరికి టీకా యాలస్యమైనదో తెలియనిచో రేపటి మహమ్మారికి సిద్ధపడుట యెట్లు?

విమర్శించుట ద్రోహమనువారును కలరు. బొంబాయి ప్లేగును బట్టి 1897లో నాంగ్లప్రభుత్వము అంటువ్యాధుల చట్టము చేసెను. పుణెలో సైనికు లిండ్లు సోదాచేసిన తీరును బ్రజలు గర్హించిరి. ఆ యేఁటనే కేసరి పత్రికలోని వ్రాఁతలకై బాలగంగాధర తిలకుగారికి రాజద్రోహనేరమునఁ బదునెనిమిది నెలల శిక్ష పడెను. ఆ చట్టమే 2020లోఁ దిరిగి ప్రయోగింపఁబడినది. కాని కాలము మాఱినది. 2021 ఏప్రిలు 30వ తేదీన సుప్రీముకోర్టు, ఆక్సిజనుకో మంచమునకో సామాజిక మాధ్యమములలో మొఱపెట్టుకొన్న పౌరుని నోరు మూయించుట తగదని స్పష్టముగాఁ జెప్పెను. హైదరాబాదునఁ దయారైన కోవాగ్జిను టీకాను మెచ్చుకొనుట యెట్లు ద్రోహము కాదో, లేని మంచమును లేదనుటయు నట్లే ద్రోహము కాదు.

ఇఁక మన గృహములకు వత్తము. 2021 జూన్ 30వ తేదీని సుప్రీముకోర్టు, మృతుల కుటుంబములకుఁ బరిహారము నిర్ణయింపుమని యాజ్ఞాపించెను. ఒక్కొక్క మరణమునకు 50 వేల రూపాయలని తరువాత నిర్ణయమాయెను. ధ్రువపత్రమునఁ గరోనా యని లేదను కారణమున నిరాకరింపరాదనియుఁ గోర్టు ఆ యక్టోబరులోఁ జెప్పెను. అయినను చెల్లింపులలో జాగునకై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్, బీహారుల ప్రధానకార్యదర్శులను బిలిపించి సంజాయిషీ యడుగవలసి వచ్చెను. పిదపఁ గోర్టు దరఖాస్తులకు గడువు విధించెను. ఆ గడువు గతించినది. కాగితము లేక, త్రోవ తెలియక నూరకుండిన విధవల సంగతి యెవరు పట్టించుకొనిరి? యాఁబదివేలు ప్రాణమునకు వెల కాదు. కాని, నీ భర్త లెక్కలోని మనిషియే యని ప్రభుత్వము చెప్పిన మాటకు గుర్తది.

తప్పు ప్రభుత్వముదే యని చేతులు దులుపుకొనుట సులభము. మరణమును వ్రాయించుట మన చేతిపని. కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమున, గోపుఁడను నుద్యోగి కొన్ని కుటుంబముల స్త్రీపురుషుల సంఖ్యను, వృత్తిని, ఆదాయవ్యయములను ఎఱిఁగి యుండవలెనని విధించెను. మన సంఘమునకు గ్రామగ్రామమున శాఖలున్నవి. అవి యా పని చేయవచ్చును. ఇందుకై మూఁడు ప్రార్థనలు చేసెదను. మొదటిది: ఇంట మరణము సంభవించిన 21 దినములలోఁ దప్పక నమోదు చేయింపుఁడు, ఆ గడువులో రుసుము లేదు. రెండవది: చికిత్స చేసిన వైద్యునిచే మరణకారణము వ్రాయించుకొనుఁడు. దేశమున నమోదైన మరణములలో వైద్యుఁడు కారణము వ్రాసినవి నాలుగవవంతునకుఁ దక్కువ. మూఁడవది: వెనుకటి మరణములు వ్రాయింపకున్నచో, ఏఁడాది దాఁటిననుఁ జట్టప్రకార మధికారి యుత్తరువుతో వ్రాయింపవచ్చును. అందుకు మన శాఖలలోని చదువుకొన్న యువకులు తోడ్పడవలయును.

ఈ సాయము మన కులమువారికే యని గిరి గీయవలదు. 2021 మే నెలలో సొంతబంధువులు భయపడి శవముదగ్గఱకు రానివేళ, ఏ కులమో యే మతమో యెఱుఁగని యువకులు వచ్చి పాడె మోసిరి. ఆ ఋణము మన సంఘముపై నున్నది. మన శాఖ వ్రాయు పట్టీలో నూరివా రందఱి పేళ్లును ఉండుఁగాక.

 పై మూఁడు విషయములను దీర్మానరూపమున సభవా రంగీకరింపఁ గోరుచు విరమించుచున్నాను.

స్వస్తి.