తెర వెనుక రాతగాడు ఆరుద్ర

(మంథనిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫీసులో నోటు రాసేది ఒకరు, కింద సంతకం పెట్టేది ఇంకొకరు. ఉత్తర్వు వెలువడ్డాక పేరు సంతకం పెట్టినవారిదే. ఈ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సినిమాలోనూ అంతే. ఈవేళ అలాంటి ఒక రాతగాడి గురించి నాలుగు మాటలు చెబుతాను.

గుర్రాలు, తుపాకులు ఉండే కౌబాయ్ కథలకు పుట్టిల్లు అమెరికా. అక్కడ ‘గన్‌స్మోక్’ అనే టెలివిజన్ సీరియల్ 1955 నుంచి 1975 దాకా 635 భాగాలు నడిచింది. అందులో మార్షల్ వేషం వేసిన జేమ్స్ ఆర్నెస్‌ను లోకమంతా ఎరుగును. 1952లో రేడియో కోసం నార్మన్ మక్డానెల్‌తో కలిసి దాన్ని రూపొందించి, ఎన్నో భాగాలు రాసిన జాన్ మెస్టన్‌ను ఎరిగినవారు తక్కువ. మనకు హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చిందే 1977లో. అందుకే ఈ కథలు మన దగ్గరికి సినిమాగా వచ్చాయి. తెలుగులోకి తెచ్చిన కలం ఆరుద్రది.

‘మోసగాళ్లకు మోసగాడు’ 1971 ఆగస్టు 27న విడుదలయింది. మన మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రి అయింది ఆ మరుసటి నెలలోనే. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. రాజస్థాన్ ఎడారిలో తీశారు. కథ, మాటలు ఆరుద్ర.

ఆయన ముందున్న చిక్కు చూడండి. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ సినిమాలు, ‘మెకన్నాస్ గోల్డ్’ వంటివి అప్పటికే జనం చూశారు. కానీ టోపీ పెట్టుకుని నడుముకు పిస్తోలు కట్టుకుని తిరిగే మనిషి తెలుగునాట ఎక్కడున్నాడు? ఉన్నదున్నట్టు దించితే నవ్వులపాలే. ఆరుద్ర కథను తెల్లదొరల కాలానికి తీసుకుపోయాడు. అమరవీడు అనే సంస్థానాన్ని, దాచిన నిధిని కల్పించాడు. సంస్థానాలు, దాచిపెట్టిన ధనం, దోపిడీ దొంగలు మనవాళ్లు తాతల నోట విన్నవే. నాగభూషణం పాత్రకు నక్కజిత్తుల నాగన్న అని పేరు పెట్టాడు. ఆ పేరు వింటేనే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. వేషం పరాయిదైనా మాట మనది. అందుకే జనం ఒప్పుకున్నారు. తరువాత అది ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది.

ఈ ఆరుద్ర ఎవరు? అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. 1925లో విశాఖపట్నంలో పుట్టాడు. కొంతకాలం వైమానిక దళంలో ఉద్యోగం చేశాడు. రజాకార్ల కాలంలో మన తెలంగాణ పడ్డ కష్టం నేపథ్యంగా ‘త్వమేవాహమ్’ కావ్యం రాశాడు. సినిమా జీవనోపాధి. పాటలు రాశాడు, ‘గూఢచారి 116’ వంటి చిత్రాలకు పనిచేశాడు. అదే చేత్తో ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు వెలువరించాడు. వెయ్యేళ్ల కవుల చరిత్ర అది. ఒక సంస్థ చేయవలసిన పని ఒక్కడు చేశాడు. 1998 జూన్ 4న కన్నుమూశాడు.

‘అంతటి పండితుడు తుపాకుల సినిమా రాయడమేమిటి’ అనేవారిని నేను చూశాను. నేనలా అనుకోను. కూడు పెట్టిన పనిని ఆయన చులకన చేయలేదు, మనసుకు నచ్చిన పనిని వాయిదా వేయలేదు. మనలో చాలామందిమి రెండోదాన్ని ‘రిటైరయ్యాక చూద్దాం’ అన్నవాళ్లమే.

కృష్ణగారు పోయాక, 2023 మే 31న ఆయన జయంతికి ఈ సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది. మా మనవడు చూసొచ్చి గుర్రాల గురించి, కాల్పుల గురించి గంటసేపు చెప్పాడు. ‘రాసిందెవరురా?’ అంటే తెల్లమొహం వేశాడు. కూర్చోబెట్టి చెప్పాను. ‘మరి నువ్వేం రాశావు తాతా?’ అన్నాడు.

ఆ ప్రశ్న మనందరిదీ. ముప్ఫై ఏళ్లకు పైగా ఫైళ్లలో రాసిందంతా రికార్డు రూములో ఉంది. మన ఊరి సంగతులు, మన కాలం సంగతులు ఇంకా మన తలల్లోనే ఉన్నాయి. ప్రతి ఏడూ లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. దానితోపాటు ఒక నోటుబుక్కు కూడా తెరవమని మిత్రులను కోరుతున్నాను. దానికింద మాత్రం సంతకం మనదే.