అంగన్‌వాడీ నుంచి అసెంబ్లీకి

అంగన్‌వాడీలు మన దేశంలో 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. వాటిలో పనిచేసే ఆడవాళ్ల నేర్పును మాత్రం ఇప్పటికీ తక్కువగానే చూస్తున్నాం. ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని ఇంకో పిల్లవాడి బరువు తూచి రిజిస్టరులో ఎక్కించడం, గుడ్డు వద్దనే బాలింతకు నచ్చజెప్పి తినిపించడం చిన్న పనులా?

అంగన్‌వాడీ కార్యకర్తగా చేసిన మిరియాల శిరీషాదేవి 2024లో రంపచోడవరం నుంచి శాసనసభకు గెలిచారు. నాకైతే అది సహజమే అనిపించింది. గడపగడపకూ తిరిగిన మనిషికి జనం కష్టాలు ఒకరు చెప్పాలా!

అందరి దారీ ఎన్నికలు కాదు. ఆసుపత్రిలో, బడిలో, సొంత దుకాణంలో కూడా ఈ నేర్పు అక్కరకొస్తుంది. పిల్లల సంరక్షణ ఉద్యోగం మానేస్తున్న అక్కచెల్లెళ్లారా, అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. కొత్త దరఖాస్తులో మీరు చేసిన ప్రతి పనినీ విడమరిచి రాయండి.