పంటికి జిగురు ఎలా పట్టుకుంటుంది?



పుచ్చిన పంటికి తెల్లటి ఫిల్లింగు పెట్టించుకున్నవారు, ఎగుడుదిగుడు పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవారు మీలో కొందరైనా ఉంటారు. ఆ ఫిల్లింగు రోజూ వేడి కాఫీని, చల్లటి నీళ్లను, నమిలే ఒత్తిడిని తట్టుకుని పంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. అది కొందరికి ఏళ్ల తరబడి నిలుస్తుంది, మరికొందరికి కొద్ది నెలల్లోనే ఊడిపోతుంది. వాడిన జిగురు ఒకటే అయినా ఇంత తేడా ఎందుకు? ఈనాటి పాఠంలో దీనికి సమాధానం తెలుసుకుందాం. మీరు చదువుకున్న ఆమ్లాలు, తలతన్యత, పాలిమర్లు ఇక్కడ మూడూ పనికొస్తాయి.

ముందు ఈ విషయం ఎందుకు ముఖ్యమో చూద్దాం. విరిగిన ఎముక అతుక్కుంటుంది. కాని పంటిపై ఉండే ఎనామిల్, అంటే పింగాణి పొర, ఒకసారి పోతే మళ్లీ పెరగదు. వెండి రంగు అమాల్గమ్ తనంతట తాను పంటికి అంటుకోదు. అది జారిపోకుండా ఉండాలంటే గుంతను లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా చెక్కాలి. అందుకోసం మంచి పంటిని కూడా కొంత తొలగించాలి. జిగురుతో అంటుకునే ఫిల్లింగుకైతే పుచ్చిన భాగం తీస్తే దాదాపు సరిపోతుంది. అయితే జిగురు సరిగా పట్టకపోతే సందుల్లోకి బాక్టీరియా చేరుతుంది, పన్ను మళ్లీ పుచ్చుతుంది, మళ్లీ చెక్కాలి. అలా చెక్కిన ప్రతిసారీ పన్ను కొంత తరిగిపోతుంది.

మొదటి అంశం ఉపరితలం. తామరాకు మీద నీటిబొట్టు ముత్యంలా నిలబడుతుంది. అదే బొట్టు సున్నం వేసిన గోడ మీద పడితే పరుచుకుని ఇంకిపోతుంది. జిగురు కూడా పంటి మీద అలా పరుచుకుని లోపలికి ఇంకాలి. నున్నటి ఎనామిల్ మీద అది సాధ్యం కాదు. 1955లో అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనకోర్ దీనికి ఒక ఉపాయం చూపారు. లోహాలకు రంగు బాగా పట్టడానికి పరిశ్రమల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూసేవారు. ఆయన 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 సెకన్లపాటు ఎనామిల్‌కు పూసి చూశారు. ఆమ్లం ఖనిజాన్ని కొద్దిగా కరిగించి కంటికి కనిపించని గుంతలు చేసింది. ద్రవరూపంలోని రెజిన్ వాటిలోకి దిగి గట్టిపడి, వేళ్లూనినట్టు పట్టుకుంది. దీన్నే ఎచింగ్ అంటారు.

ఆమ్లం ఎంత గాఢంగా ఉంటే అంత మంచిదని అనుకోకండి. గాఢత 50 శాతం దాటితే ఉపరితలం మీద కాల్షియం ఫాస్ఫేట్ లవణం పేరుకుని కరగడం మందగిస్తుంది. అందుకే ఇప్పుడు సాధారణంగా 35 నుంచి 37 శాతం ఆమ్లాన్ని 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడిగేస్తారు.

రెండో అంశం తేమ. ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాన్ని బాగా ఆరబెట్టినా ఇబ్బంది లేదు. దాని కింది పొర డెంటిన్ అలా కాదు. అందులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం కొల్లాజెన్ వంటి సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు ఉంటాయి. ఆమ్లం డెంటిన్‌లోని ఖనిజాన్ని తీసేస్తే కొల్లాజెన్ పోగుల వల మిగులుతుంది. చేపల వలను తలచుకోండి. నీళ్లలో ఉన్నంతసేపు అది విచ్చుకుని ఉంటుంది, గట్టున పడేస్తే కుప్పగా ముడుచుకుంటుంది. డెంటిన్‌ను అతిగా ఆరబెడితే ఈ వల కూడా అలాగే ముడుచుకుపోయి జిగురును లోపలికి రానివ్వదు. నీరు నిలిచిపోతే జిగురు పలచబడుతుంది. ఉపరితలం తడిగా మెరవాలి కాని నీరు నిలవకూడదు. వలలోకి జిగురు చొరబడి ఏర్పడే మిశ్రమ పొరను 1982లో జపాన్ శాస్త్రవేత్త నోబువో నకబయాషి వివరించారు. దాని పేరు హైబ్రిడ్ పొర.

డెంటిన్‌లో సన్నని నాళికలు కూడా ఉంటాయి. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 20,000, నరం ఉండే పల్ప్ దగ్గర సుమారు 45,000 ఉంటాయి. అక్కడ వాటి వ్యాసమూ ఎక్కువే. వాటిలో ద్రవం ఉంటుంది కాబట్టి గుంత లోతుగా ఉన్నకొద్దీ తేమ పెరిగి జిగురు పట్టడం కష్టమవుతుంది. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే వైద్యుడి దగ్గరకు వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం.

మూడో అంశం శుభ్రత. ఎచింగ్ చేసిన చోట లాలాజలం తగిలితే అందులోని ప్రోటీన్లు గుంతలను కప్పేస్తాయి. రక్తం తగిలినా అంతే. అందుకే కొందరు వైద్యులు పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలుచని రబ్బరు పొర అమరుస్తారు. లవంగనూనెలోని యూజినాల్ రెజిన్ గట్టిపడకుండా అడ్డుకోగలదు. పంటినొప్పికి లవంగనూనె పెట్టుకుని ఉంటే ఆ మాట వైద్యుడికి చెప్పండి. పళ్లను తెల్లబరచడానికి వాడే పెరాక్సైడ్ వదిలిన ఆక్సిజన్ కూడా ఇలాగే అడ్డుపడుతుంది. ఆ చికిత్స తరువాత ఒకటి రెండు వారాలు ఆగి జిగురు వాడతారు.

నాలుగో అంశం కాంతి. వైద్యుడు చూపే నీలి కాంతి తరంగదైర్ఘ్యం 470 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఆ కాంతి అందితేనే చిన్న అణువులు కలిసి పాలిమర్ అవుతాయి. దీపం దూరంగా ఉన్నా, సమయం చాలకపోయినా లోపల మెత్తగానే మిగులుతుంది. పైగా ఫిల్లింగు గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుని పంటి గోడల నుంచి జిగురును లాగుతుంది. అందుకే సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం మించకుండా పొరలు పొరలుగా నింపుతారు.

ఐదో అంశం పన్ను పెరిగిన తీరు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడ్ నీటి సమస్య గురించి మీరు వినే ఉంటారు. పళ్లు రూపొందే వయసులో అధిక ఫ్లోరైడ్ ఒంట్లో చేరితే ఎనామిల్ పై పొర ఆమ్లానికి త్వరగా లొంగదు. కారణం మీరే చెప్పగలరు. హైడ్రాక్సీఅపటైట్‌లోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరితే ఆ ఖనిజం ఆమ్లంలో తక్కువగా కరుగుతుంది. అలాంటి పళ్లకు ఎచింగ్ సమయం పెంచడమో, పై పొరను కొద్దిగా అరగదీయడమో అవసరం కావచ్చు.

చివరగా ఒక జాగ్రత్త. ఊడిన క్యాపును ఇంట్లో దొరికే సూపర్ గ్లూతో అతికించుకోకండి. అది నోటి కోసం తయారైనది కాదు, చిగుళ్లకు హాని చేస్తుంది. క్యాపును శుభ్రమైన డబ్బాలో పెట్టి దంతవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.

ఉపరితలం, తేమ, శుభ్రత, కాంతి, పంటి స్వభావం. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన నాలుగూ దాన్ని పూర్తిగా భర్తీ చేయలేవు.

ఆలోచించండి:

1. ఎనామిల్‌ను బాగా ఆరబెట్టవచ్చు, డెంటిన్‌ను ఎందుకు ఆరబెట్టకూడదు?

2. తామరాకుకు, ఎచింగ్ చేసిన ఎనామిల్‌కు నీటితో ప్రవర్తించే తీరులో తేడా ఏమిటి?

3. ఫ్లోరైడ్ పంటిని ఆమ్లం నుంచి కాపాడుతుంది. జిగురు పట్టడానికి అదే ఎందుకు అడ్డంకి అవుతుంది?