పేము కుర్చీల సంరక్షణ

అంగడిలో 'కేన్' అని పిలిచే పేముతో అల్లిన పెద్దలనాటి కుర్చీలు మన ఇండ్లలో ఇంకా ఉన్నవి. అల్లిక కాస్త జారగానే వాటిని చెత్తకుండీ పక్కన వదలివేస్తున్నాము. ఆ తొందర తగదు.

పేము తాటిజాతికి చెందిన తీగ. తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. దాని నునుపైన పైపొర నీటిని అంతగా పీల్చదు, అడుగుభాగం పీలుస్తుంది. కనుక కుర్చీని బోర్లించి, జారిన అల్లికను గోరువెచ్చని నీటితో అడుగునుండి తడిపి, నీడలో పూర్తిగా ఆరనీయండి. అంతవరకు ఎవరూ కూర్చోరాదు. తెగని అల్లిక చాలావరకు బిగుసుకొంటుంది.

వారానికొకసారి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. మరకలను గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవండి. మండుటెండ పేమును పెళుసుబారుస్తుంది. వానకాలపు చెమ్మ బూజు పట్టిస్తుంది. అందుచేత కుర్చీని గోడకు ఆనించక, గాలి ఆడేచోట ఉంచండి. కింద సన్నని పొడి రాలుతుంటే అది పురుగు జాడ; ఆ కుర్చీని తక్కిన సామానుకు దూరంగా జరపండి.

తెగిన అల్లికకు మాత్రం నేర్పరి చేయి కావాలి. పారవేయుటకు ముందు అల్లేవారిని ఒకసారి పిలిపించండి. వీధిలో చెత్త తగ్గుతుంది. ఆ చేతులకు పని మిగులుతుంది.